చుక్కకు ఎత్తు ఉండదు

శుద్ధ ద్వాదశి

పొద్దుటి సముద్రపు పోటు గట్టు అంచుకు రెండు మూరల కింద ఆగింది. తూము తలుపు దగ్గర ఊట నిన్నటికన్నా పెరిగింది. బురద, తాటి నార కలిపి కుక్కాం. ఇది పున్నమి పోటుకు నిలవవచ్చు. వానాకాలం పోటుకు నిలవదు. ఇనుప తలుపు తప్ప దారి లేదు. ఇనుము పాత టవర్లలో తప్ప ఇంకెక్కడా లేదు.

పడమటి టవరు కొలిచాను. నూట ఇరవై మూరలు. దానికి మూడు వైపులా ఊబి. అటు పడితే ఇనుమంతా మునిగిపోతుంది. గట్టి నేల తూర్పునే ఉంది, ఆ తూర్పునే తవిటమ్మత్త ఇల్లుంది. టవరు మొదలు నుంచి తూర్పుగా నూట ఇరవై మూరలు తాడు లాగి, కొస పడే చోట మేకు దిగ్గొట్టాను. మేకు నుంచి ఆమె అరుగు ఆరు మూరలు.

ఆమె అరుగు మీద కూర్చుని ఉప్పుచేపలు ఏరుతూ అంతా చూసింది.

“తగలదు గదా బావూ?”

“తగలదు.”

“నువ్వు తగలదంటే తగలదు. అరుగు కొత్తగా అలికినాను, అందుకడిగినాను.”

కూల్చడం బహుళ అష్టమికి. ఆనాడు పోటూ పాటూ రెండూ నెమ్మదిగా ఉంటాయి, గట్టు దగ్గర మనుషుల అవసరం తక్కువ, అందరూ తాళ్ళు లాగడానికి వస్తారు.

శుద్ధ త్రయోదశి

అందరి భోజనాల దగ్గర మర్యాదకు వేసే చేప తలకాయ మళ్ళీ నా ఆకులో వేశారు. మిట్ట మీది టవరు పడినప్పటి నుంచీ ఇదే వరస. ఆ రోజు టవరు కొస వచ్చి సరిగ్గా నా మేకు మీదే పడింది. మేకు తలదాకా నేలలోకి దిగిపోయింది. ఎనభై మూరలన్నాను, ఎనభై మూరలే అయింది. గట్టు పనంతా నడిపించే సన్యాసమ్మప్ప నా భుజం తట్టి, “పలక కూడా ఇంత సరిగ్గా సెప్పేది కాదురా” అంది. ఊళ్ళో అంతకన్నా పెద్ద మాట లేదు.

ఇప్పుడు ఆ విద్య అందరికీ నేర్పమంటోంది. నలుగురిలో నాకు మాట పెగలదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను, ఇది చూసి చదివేస్తాను.

చదరపు చెక్కను మూల నుంచి మూలకు కోస్తే అరమూల వస్తుంది. నిలువు అంచు పక్కన గుండు వేలాడదీయాలి. దారం అంచుకు ఆనుకుని ఉంటే చెక్క నిటారుగా ఉన్నట్టు. ఏటవాలు అంచు వెంట కన్ను పెట్టి చూస్తూ ముందుకూ వెనక్కూ జరగాలి. టవరు కొస ఆ అంచు మీద కూర్చున్న చోట ఆగాలి. అక్కడి నుంచి టవరు మొదలు ఎంత దూరమో, టవరు అంత ఎత్తు.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఉప్పుమడి తవ్వుతుంటే అట్ట లేని బడిపుస్తకం ఒకటి దొరికింది. మా నాన్న తరం వాళ్ళు ఏ లెక్కయినా చేతిలోని మాట్లాడే గాజు పలకనే అడిగేవారట. టవర్లు ఆగిపోయి పలకలు మూగబోయేసరికి ఊరు మొత్తానికి లెక్క రాకుండా పోయింది. మూగబోయే నాటికి నేను చిన్నవాణ్ణి. పలకను అడగడానికి కూడా నాకు మొహమాటంగా ఉండేది. పుస్తకంతో ఆ బాధ లేదు. అది నా వైపు చూడదు.

ఎత్తులూ దూరాలూ అనే అధ్యాయంలో వెనక పుటల్ని చెద తినేసింది. మిగిలిన బొమ్మలు బాగున్నాయి. ఒక గోపురం, ఏటవాలుగా ఒక గీత, నేల మీద ఒక చుక్క. ఆ చుక్కే చూసే మనిషి. పక్కన ఒక అక్షరం, అంతే. ఆ చుక్క నాకు చాలా నచ్చింది. అలా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

పున్నమి

పోటు గట్టు అంచుకు జానెడు కింద ఆగింది. తూము నిలిచింది. అందరం మధ్యాహ్నం దాకా బురద మోశాం. గట్టుకు బయట, మిట్ట మీద పాత టవరు మొండెం దాకా నీళ్ళు వచ్చాయి. దాని కాళ్ళను అలా తాకి వెళ్ళిపోయాయి. వేరే విశేషం లేదు.

బహుళ పాడ్యమి

పాటుకు నీరు తీశాక మిట్ట వైపు వెళ్ళాను. అప్పట్లో నేను నిలబడి కొలిచిన చోట గుర్తుకు పాతిన కర్ర అక్కడే ఉండిపోయింది. మంచి సరుగుడు కర్ర, తెచ్చుకుందామని వెళ్ళాను.

కర్ర మీద నిన్నటి పోటు గీసిన బురద చార ఉంది. పక్కన నిలబడి చూస్తే సరిగ్గా నా కళ్ళకెదురుగా ఉంది.

మొదట ఏమీ అనిపించలేదు. కర్ర పీకి భుజాన పెట్టుకుని నాలుగడుగులు వేశాను. అప్పుడు టవరు మొండెం కనిపించింది. దాని కాళ్ళ మొదట్లో అదే చార, నేలకు ఆనుకుని.

నీరు ఎక్కడైనా ఒకే మట్టంలో నిలుస్తుంది. అంటే నేను కొలిచిన రోజు నా కన్నూ టవరు మొదలూ ఒకే మట్టంలో ఉన్నాయి. టవరు మిట్ట మీద ఉంది. నేను కింద పల్లంలో ఉన్నాను. ఆ పల్లం లోతు నా కంటి ఎత్తుకు సరిపోయింది.

అరమూల చూసేది కన్ను. కాలు కాదు. కన్ను ఉన్న మట్టం నుంచి పైకి ఎంత ఉందో అంతవరకే ఆ లెక్క చెబుతుంది. దానికి నా కంటి ఎత్తు కలపాలి. నేను కలపలేదు. పల్లంలో నిలబడ్డాను కాబట్టి ఆ లోతు తీసెయ్యాలి. అదీ తీసెయ్యలేదు. కలపాల్సిందీ తీసెయ్యాల్సిందీ సమానం కావడంతో మేకు మీద పడింది.

నేను కొలిచి చెప్పింది ఏమీ లేదు. పల్లం చెప్పింది.

పడమటి టవరుకు పల్లం లేదు. దాని చుట్టూ బురద కాబట్టి గట్టు ఎక్కి కొలిచాను. గట్టు దాని మొదలుకన్నా నాలుగు మూరలు ఎత్తు. నా కన్ను మూడున్నర. రెండూ కలపాల్సినవే, తీసెయ్యడానికి ఏమీ లేదు. నూట ఇరవై కాదు, నూట ఇరవై ఏడున్నర.

అరుగు ఆరు మూరల దగ్గర మొదలవుతుంది.

పుస్తకం తీసి మళ్ళీ చూశాను. పుస్తకం తప్పు చెప్పలేదు. చుక్కకు ఎత్తు ఉండదు, దాని కన్ను నేల మీదే ఉంటుంది. మనిషి చుక్క కాదన్న సంగతి చెద తిన్న పుటల్లో ఉండే ఉంటుంది. లేకపోయినా అది పుస్తకం చెప్పాల్సిన సంగతి కాదు.

బహుళ తదియ

నిన్న ఏమీ రాయలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఈ రోజు తెల్లవారగానే తవిటమ్మత్త ఇంటి వైపు వెళ్ళాను. మేకును చడీచప్పుడు లేకుండా ఏడున్నర మూరలు జరిపేస్తే సరిపోతుందనుకున్నాను. ఎవరూ అడగరు, నేను చెప్పక్కర్లేదు. మేకు పీకి చేత్తో పట్టుకుని మూరలు వేసుకుంటూ వెళ్ళాను. ఆరు మూరల దగ్గర అరుగు అంచు తగిలింది. ఇంకో మూరన్నర ముందుకు వేస్తే ఆమె రోజూ కూర్చునే చోటు, గోడకు చేరగిలబడి చేపలు ఏరే చోటు. మేకును అక్కడ దిగ్గొట్టాలి. ఎవరూ అడగకుండా అది ఎలా కుదురుతుందో నేను ఆలోచించలేదు.

ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

“మేకు పీకి ఏటి సేస్తన్నావు బావూ, పొద్దున్నే?”

అప్పుడు చెప్పి ఉండాలి. ఆమె ఒక్కతే ఉంది, ఇంకెవరూ లేరు, అంతకన్నా సులువైన సమయం నాకు దొరకదు.

“వదులైంది” అన్నాను. “గట్టిగా దిగ్గొడదామని.”

“మంచోడివి. ఉండు, గూటం తెస్తాను.”

గూటం తెచ్చి ఇచ్చింది. మేకును పాత చోటే పెట్టి దిగ్గొట్టాను. ఆమె చూస్తూ ఉంది. చూస్తున్నంతసేపూ కొట్టాను, అవసరం లేకపోయినా. తర్వాత గంజి పోసింది. తాగాను.

ఊట లెక్క రాయలేదు. తూము దగ్గరికి వెళ్ళలేదు.

బహుళ పంచమి

తవిటమ్మత్త అరుగు మీద నాలుగు చాపలు పరిచి ఉన్నాయి. ఎవరివని అడిగాను.

“సూడ్డానికొచ్చేవోళ్ళవి. టవరు పడతంటే ఇక్కడినుంచి బాగా కనపడతాదని. కొస కాళ్ళ ముందే పడతాది గదా. అప్పన్న వాళ్ళందరూ చోటు పట్టుకున్నారు. భయమెయ్యదా అనడిగితే నాను సెప్పినాను, పైడయ్య స్వయంగా వచ్చి మేకు గట్టిగా దిగ్గొట్టి వెళ్ళినాడని.”

చాపలు గోడకు ఆనించి వరసగా ఉన్నాయి.

నేరుగా సన్యాసమ్మప్ప దగ్గరికి వెళ్ళాను. తూము మీద కూర్చుని తాళ్ళకు ముడులు చూస్తోంది.

“అప్పా, పడమటి టవరు ఇంకోసారి కొలుద్దాం.”

“ఎందుకు?”

“తప్పుండొచ్చు.”

“ఉండొచ్చా? ఉందా?”

“ఉంది.”

ఎంత చిన్నగా అన్నానంటే ఆమె చెవి ఇటు తిప్పింది. మళ్ళీ అన్నాను. ఆమె నవ్వింది.

“మిట్ట టవరప్పుడు కూడా నువ్వు ఇలాగే నేల సూపులు సూసినావు. కొస వెళ్ళి మేకు మీద కూకుంది. నీకు పొగిడితే పడదని ఊరందరికీ తెలుసురా. ఎల్లి తిను, చేప తలకాయ చల్లారిపోతాది.”

“అది కూడా తప్పే అప్పా. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఈసారి కొట్టేసుకోవు.”

“తప్పులు కొట్టుకున్నాయో కౌగిలించుకున్నాయో నాకేటి తెలుస్తాది. మేకు మీద పడిందా లేదా?”

“పడింది.”

“మరింకేటి.”

పల్లం సంగతి చెప్పబోయాను. కన్ను, కాలు, చార, గట్టు, నాలుగు, మూడున్నర, అన్నీ ఒకేసారి నోట్లోకి వచ్చి ఏదీ సరిగా బయటికి రాలేదు. పక్కనున్న ఇద్దరు నవ్వారు, ప్రేమగానే. నా నోరు లేనితనానికి వీళ్ళు వినయమని పేరు పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ నేను కాదనలేదు. ఆ పేరుతో చేప తలకాయలు తిన్నాను.

మాటతో చెబితే నమ్మరు. తప్పును వాళ్ళ కళ్ళ ముందు చేసి చూపించాలి.

బహుళ సప్తమి

చేపలు ఎండబెట్టే కళ్ళం మధ్యలో జెండా కొయ్య ఉంది. నేల పైన అది ఇరవై మూరలు. ఈ ఊళ్ళో అది తెలియనివారు లేరు. నిలబెట్టక ముందు రెండు మూరలకొకరు చొప్పున పదిమంది దాన్ని గట్టు మీంచి మోసుకొచ్చారు, పాతిపెట్టే మొదలును మాత్రం తాళ్ళతో ఈడ్చారు. అందులో సన్యాసమ్మప్ప ఒకతి. కళ్ళం నేల బల్లపరుపుగా ఉంటుంది. అక్కడైతే పల్లం వచ్చి నన్ను కాపాడదు. నేల మట్టాన్ని ముందే నీటి గొట్టంతో రెండుసార్లు చూసుకున్నాను.

మధ్యాహ్నం అందరూ ఉన్నప్పుడు అరమూల పట్టుకుని కళ్ళంలోకి వెళ్ళాను. 

“ఈ కొయ్య ఎంత?” అన్నాను.

“ఇరవై” అన్నారు. ఎవరో “మా భుజాలనడుగు” అన్నారు.

ఇక్కడ రాసుకున్నట్టే చేశాను. ఏటవాలు అంచు మీద కొయ్య కొస కూర్చున్న చోట ఆగాను. దూరం మీరే కొలవండన్నాను. సన్యాసమ్మప్ప తాడు పట్టింది, అప్పన్న కొస పట్టాడు. పదహారున్నర వచ్చింది. మళ్ళీ లాగారు. పదహారున్నరే.

“కొయ్య కుంచించుకుపోయిందేటి” అన్నాడు అప్పన్న. నవ్వారు. నా ముఖం చూసి నవ్వు ఆపేశారు.

“నా లెక్కన ఈ కొయ్య పదహారున్నర మూరలు. నా లెక్కన పడమటి టవరు నూట ఇరవై మూరలు” అన్నాను. అంతకన్నా ఎక్కువ అనలేకపోయాను.

సన్యాసమ్మప్ప అరమూల నా చేతిలోంచి లాక్కుంది. తనే కన్ను పెట్టి చూస్తూ ముందుకూ వెనక్కూ జరిగి ఒక చోట ఆగింది. కొలిస్తే పదిహేడు వచ్చింది. ఆమె నాకన్నా పొట్టి. పొడగరి అప్పన్నకు పదహారే వచ్చింది. కొయ్య ఒక్కటే, ఎత్తులు మూడు. 

తవిటమ్మత్త చేపల బుట్ట కింద పెట్టి లేచింది. కొలతాడు తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

“నిలబడు.”

తాడు కొసను తన కాలి బొటనవేలితో నా మడమ దగ్గర నొక్కిపెట్టి, రెండో చేత్తో పైకి లాగింది. తాడు నా చెంప మీదుగా కంటి దగ్గరికి వచ్చింది. ఆమె చేతికి ఉప్పు వాసన. ఊరంతా చూస్తోంది. నేను నేల వైపు చూశాను.

“మూడున్నర” అంది. “పోయిన మూడున్నర మూరలూ ఇదిగో, ఈడే. కొయ్యని కొలిసినాడు, ఈడ్ని కలపడం మరిసిపోనాడు.”

ఈసారి గట్టిగానే నవ్వారు. నేను వద్దనలేదు. నవ్వు అయ్యాక సన్యాసమ్మప్ప అడిగింది, “పడమటి టవరుకీ నిన్నే కలపాలా?”

“నన్నూ, గట్టునూ. గట్టు మీద నిలబడ్డాను. అది నాలుగు.”

లెక్క వేసింది తవిటమ్మత్తే. వేళ్ళ మీద వేసింది.

“ఏడున్నర. నా అరుగు ఆరు.” వేళ్ళు మడిచి ఉంచి నా వైపు చూసింది. “అయితే ఆ పొద్దున్న మేకు వదులవ్వలేదు.”

“లేదు.”

“నీకప్పుడే తెలుసు.”

“తెలుసు.”

ఆమె తిట్టలేదు. తాడు చుట్టి నా చేతిలో పెట్టింది, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది. గంజి పోసిన మనిషి.

బహుళ అష్టమి

పొద్దున్నే ఆమె ఇంటి కప్పు దింపాం. తాటాకులు, వాసాలు, కుండలు, చాపలు, అన్నీ గట్టు దగ్గరికి చేర్చాం. ఒక్క అరుగే మిగిలింది. మట్టి అరుగును మోయలేం. ఆమె ఏ సామాను మోస్తున్నా నేను వెళ్ళి అందుకున్నాను. ఇచ్చి ఇంకోదానికి వెళ్ళింది.

తాళ్ళు లాగారు. పడమటి టవరు మొదట కదల్లేదు, తర్వాత ఆకాశం వంగినట్టు వంగింది. దుమ్ము తగ్గాక వెళ్ళి చూశాం. కొస నా మేకును దాటి, అరుగు అంచును కోసుకుని, ఆమె చేరగిలబడే గోడకు ఆనుకుని ఆగింది. అప్పన్న నిన్నటిదాకా చాప పరిచి ఉంచిన చోటు కనిపించడం లేదు. అతను అక్కడ కొంతసేపు నిలబడి నా దగ్గరికి వచ్చాడు. నా చేతిలోని తాళ్ళ చుట్ట తను అందుకున్నాడు.

సన్యాసమ్మప్ప మేకు నుంచి కొసకు తాడు లాగింది.  ఏడున్నరే వచ్చింది. నేను తాడు మీది ముడులు చూశాను.

భోజనాల దగ్గర తలకాయ ఎవరికి వెయ్యాలో వడ్డించేవాళ్ళకు తెలియలేదు. తవిటమ్మత్త గరిటె తీసుకుంది. నా ఆకులో తోక ముక్క వేసింది.

“ముళ్ళుంటాయి. సూసి తిను” అంది.

నిన్నటి నుంచి ఆమె నాతో అన్న మొదటి మాట.

అమావాస్య

తూముకు ఇనుప తలుపు బిగించాం. పోటు గట్టు అంచుకు జానెడు కింద ఆగింది. ఊట లేదు.

తవిటమ్మత్త కొత్త ఇల్లు గట్టుకు దగ్గరగా వేశాం. అరుగుకు మట్టి నేనే తొక్కాను. అలకడానికి మాత్రం నన్ను రానివ్వలేదు, నా చేయి వంకర అంది.

తూర్పున ఇంకా రెండు టవర్లు ఉన్నాయి. ఈసారి నేను కొలవనన్నాను. సన్యాసమ్మప్ప ఒప్పుకుంది, ఎవరికి వారే కొలవడం నేర్చుకుంటారంది. అయితే ఒక్కొక్కరి కన్ను ఒక్కో ఎత్తు కాబట్టి, ఒకే పొడవున కర్రలు కోసి, అరమూలను వాటి తల మీద బిగించి, వంగో లేచో కన్ను అక్కడికే తెచ్చి చూడాలని నిర్ణయించారు. కర్ర ఎంతో అంత కలపాలి. మంచి ఆలోచన. అది నాకు రావాల్సిన ఆలోచన.

ఆ కర్రకు పేరు పెట్టారని తర్వాత తెలిసింది. ఈ పొద్దున కళ్ళం వైపు వెళుతుంటే ఒకామె ఇంకొకామెను కేకేసి అడుగుతోంది, “పైడయ్యని కలిపినావేటే?” నా కాళ్ళు ఆగిపోయాయి. ఆమె నన్ను చూడలేదు. “కలిపినాను, గట్టుని కూడా” అంది రెండో ఆమె.

మొదటి కర్ర సరుగుడుది. నేను మిట్ట దగ్గర నుంచి తెచ్చిందే ఇచ్చాను, బురద చార ఇంకా దాని మీద ఉంది. కింద పాతిన మేర తీసేసి, ఆ చార దగ్గర కొయ్యండన్నాను. తవిటమ్మత్త ఒప్పుకోలేదు. నీటి మాట మీద కొయ్యను, మనిషిని పెట్టి కొలిచి కోస్తానంది. ఆ నిర్ణయం జరిగిన సాయంత్రమే కళ్ళంలో నన్ను నిలబెట్టారు. చుట్టూ జనం. కర్రను నా పక్కన నిలబెట్టి, కత్తి మొన నా కంటికెదురుగా కర్ర మీద ఆనించింది. చూసింది, మొన కిందికి జరిపింది. మళ్ళీ చూసింది, ఇంకాస్త జరిపింది. విసుక్కుంది.

“మూడుంపావు వస్తంది. నువ్వు అరిగిపోనావా ఏటి?”

నేను నా కాళ్ళ వైపు చూస్తున్నాను. అప్పుడు తెలిసింది నాకూ.

“తలెత్తు బావూ” అంది. “ఇన్ని ఇళ్ళు నీ మీదున్నాయి. కొలత తప్పుతాది.”

ఎత్తాను. ఆమె కర్ర మీద గాటు పెట్టేదాకా అలాగే ఉన్నాను.